పందిమాంసములోని పురుగు: మాంసపరీక్ష పుట్టిన చరిత్రము

రాజ్యముల చరిత్రము వ్రాయువారు కోటలను, కదనములను, సంధిపత్రములను వర్ణింతురు. భోజనపాత్రలోని చరిత్రమును వ్రాయువారు మిక్కిలి యరుదు. అంగడినుండి యింటికి వచ్చిన పదార్థము తినఁదగినదా కాదా యని నిర్ణయించు భారమెవరిది? వండు గృహిణిదా, అమ్మువానిదా, పశువును బెంచినవానిదా, లేక ప్రభుత్వముదా? చూచుటకిది చిన్నప్రశ్న. కాని యైరోపాఖండమున దీనికి సమాధానము కుదురుటకు నలువది సంవత్సరములకుఁ బైగాఁ బట్టినది. వందలకొలఁది జనులు మరణించిరి. రెండు మహారాజ్యముల నడుమ వర్తకకలహము నడచినది. ఇంతకును మూలము వెండ్రుకకంటె సన్ననైన యొక పురుగు. దాని పేరు ట్రికినెల్లా. నేఁడు అడవిపందులను, మొసళ్లను కంచెలలోఁ బెంచి వాని మాంసము నమ్ము వ్యాపారము పలుదేశములలో సాగుచున్నది గనుక ఆ ప్రాఁతకథ మరల క్రొత్తదైనది.

1835వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున లండనునగరమందలి సెయింటు బార్తలోమ్యూ వైద్యశాలలో జేమ్సు పేజెటు అను ఇరువదియొక్క సంవత్సరముల విద్యార్థి శవపరిచ్ఛేదము నేర్చుకొనుచుండెను. ఆనాఁడు బల్లమీఁద నున్నది క్షయరోగముచేఁ జనిపోయిన యొక ఇటలీదేశపు తాపీపనివాని దేహము. దాని కండలలో తెల్లని చిన్నచిన్న చుక్కలు గనఁబడెను. అట్టి చుక్కలను పెద్దలు మునుపును జూచియుండిరి. ఎముకపలుకులని తలంచి, శస్త్రములు మొద్దువాఱుచున్నవని విసిగికొని విడిచిపెట్టిరి. పేజెటు విడువలేదు. ఆ వైద్యశాలలో సూక్ష్మదర్శిని లేకుండెను. అతఁడు బ్రిటిషు మ్యూజియమునకుఁ బోయి, వృక్షశాస్త్రజ్ఞుఁడగు రాబర్టు బ్రౌనుగారి యంత్రమును వేఁడికొని చూచెను. ఒక్కొక్క చుక్కలో నొక్కొక్క పురుగు చుట్టచుట్టుకొని యుండెను. ఆ కండముక్కలనే పరీక్షించి, సుప్రసిద్ధజంతుశాస్త్రజ్ఞుఁడగు రిచర్డు ఓవెను ఆ యేఁటనే దానిని వర్ణించి పేరు పెట్టెను. మొదట నిడిన ట్రికినా యను పేరు 1895లో ట్రికినెల్లా యని మాఱినది.

ఆ పిమ్మట ఇరువదియైదేండ్లు ఈ పురుగు పండితులకు వినోదవస్తువుగనే యుండెను. 1846లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జోసెఫు లీడీ అను శాస్త్రజ్ఞుఁడు తన భోజనపుబల్లమీఁది పందిమాంసపుముక్కలో ఇట్టి చుక్కలనే కనిపెట్టి, అవి యీ పురుగులేయని నిర్ణయించెను. అయినను పందిలో నున్న పురుగునకును మనుష్యునిలో నున్న పురుగునకును గల సంబంధ మెవరికిని దోఁపలేదు. వేఱువేఱు వ్యాధులచేఁ జనిపోయినవారి దేహములలో ఇది కనఁబడుచుండుటచేత దీనివలన హాని లేదనియే వైద్యులు తలంచిరి. జర్మనీలో హెర్బ్‌స్టు, లూకార్టు, విర్కౌ అను విద్వాంసులు పురుగుపట్టిన మాంసమును జంతువులకుఁ బెట్టి పరీక్షలు చేయసాగిరి. 1859లో రుడోల్ఫు విర్కౌ ఒక కుక్కకు అట్టి మాంసమును దినిపించి, కొన్ని దినములకే దాని ప్రేవులలో ఎదిగిన పురుగులను జూచెను. ఇఁక నొక్కమెట్టు మాత్రమే మిగిలెను. ఆ మెట్టును ఎక్కించినది ఒక పనిపిల్ల మరణము.

1860 జనవరిలో జర్మనీలోని డ్రెస్డెను నగరపు వైద్యశాలకు ఇరువదియేండ్ల దాసి నొకతెను దీసికొనివచ్చిరి. జ్వరము, తాళరాని కండలనొప్పి, నీరసము. సన్నిపాతజ్వరమని వైద్యులు తలంచిరి. ఆమె ఆ మాసమే చనిపోయెను. శవపరీక్ష చేసిన ఫ్రీడ్రిఖు జెంకరు సన్నిపాతజ్వరపు చిహ్నములు గానలేదు. కండలలో లెక్కకు మిక్కిలియైన పురుగులను గాంచెను. అవి ప్రాఁతవానివలె గుల్లలలో దాఁగియుండలేదు. అప్పుడే కండలలోఁ బ్రవేశించుచుండెను. ప్రేవులలో వాని తల్లులుండెను. జెంకరు అంతటితో నాగక ఆమె పనిచేసిన యింటికిఁ బోయి విచారించెను. క్రిస్మసుపండుగకు ముందు ఆ యింట నొక పందిని గోసిరి. ఆ యింటివారిలోఁ గొందఱును, పందిని గోసిన కటికవాఁడును గూడ జబ్బుపడియుండిరి. మిగిలియున్న మాంసమును, ప్రేవులలోఁ గూరి యుంచిన మాంసపుముద్దను సూక్ష్మదర్శినిక్రింద నుంచి చూడఁగా వానియందును అవే పురుగులు. కారణము, కార్యము, నడుమ దారి, మూఁడును ఒక్కనాఁడు బయలుపడినవి.

ఈ పురుగు జీవనక్రమమును జదువరులు తెలిసికొనఁదగును. పురుగుపట్టిన పచ్చిమాంసమును గాని, సగము కాలినదానిని గాని తినఁగానే జఠరరసము గుల్లను గరగించును. లోని పిల్లపురుగు చిన్నప్రేవులోఁ జేరి రెండుమూఁడు దినములలో నెదుగును. ఆఁడుపురుగు గ్రుడ్లుపెట్టదు, బ్రతికియున్న పిల్లలనే వందలకొలఁది కనును. అవి ప్రేవుగోడను దూఱి రక్తముతోఁ బోయి, కండలలోఁ జేరి, ఒక్కొక్క కండకణమును దనకు పోషణగృహముగ మార్చుకొనును. నాలుక, దవడకండలు, ఊపిరితిత్తుల క్రింది తెర వానికి మిగుల నిష్టమైన స్థానములు. మొదట కడుపునొప్పి, విరేచనములు. పిదప జ్వరము, కన్నులచుట్టును వాఁపు, కండలనొప్పి. పురుగులు కొలఁదిగా నున్నచో రోగి కోలుకొనును. పెక్కులైనచో గుండె, మెదడు చెడి మరణించును. కండలోని పురుగు ఏండ్లతరబడి బ్రతికియుండఁగలదు. అది మరల మేల్కొనుట ఆ కండను మఱియొక ప్రాణి తినినప్పుడే. కావున ఈ వ్యాధికి మాంసభక్షణమే దారి. గాలి, నీరు, స్పర్శ దీనిని దేలేవు.

జెంకరు ప్రకటనకుఁ బిమ్మట మూఁడేండ్లకు, 1863లో, హెట్‌స్టెట్టు అను జర్మను పట్టణమున నూటయేఁబదిమందికి మించి ఈ వ్యాధిచే బాధపడిరి. ఇరువదియేడుగురికిఁ దక్కువగాక మరణించిరి. 1865లో హెడర్స్‌లెబెను అను గ్రామమున 337 మంది జబ్బుపడఁగా 101 మంది చనిపోయిరి. ఆ ప్రాంతపు జనులు పందిమాంసమును సన్నగాఁ గొట్టి, ఉప్పుచేర్చి, పచ్చిగనే రొట్టెమీఁదఁ బూసికొని తినుట యలవాటు. ఒక్క పంది మాంసము ఇతరమాంసముతోఁ గలసి పలుయిండ్లకుఁ బోయి యూరినంతను ముంచెను.

అప్పుడు విర్కౌ కలము పట్టెను. 1864లో నతఁడు సామాన్యులకుఁ దెలియునట్లు ఈ పురుగును గుఱించి చిన్నపుస్తకము వ్రాసి, కోసిన ప్రతిపందిని సూక్ష్మదర్శినితోఁ బరీక్షింపవలయునని వాదించెను. వెంటనే ప్రతివాదములు బయలుదేఱెను. కటికవారు తమ వ్యాపారము చెడుననిరి. కొందఱు పురుగు నిరపాయమనిరి. మఱికొందఱు, ఇంటి ఇల్లాలు బాగుగ వండుకొనిన చాలును గదా, ప్రభుత్వము వంటింటిలోఁ దలదూర్చనేల యనిరి. ఆ దినములలోనే విర్కౌ ప్రుష్యా శాసనసభలో మంత్రియగు బిస్మార్కును ఎదిరించుచుండెను. 1865లో బిస్మార్కు అతనిని ద్వంద్వయుద్ధమునకుఁ బిలిచిన మాట నిజము. విర్కౌ నిరాకరించిన మాటయు నిజము. ఆయుధముగాఁ బురుగుపట్టిన మాంసపుముద్ద నొకదానిని, మంచిదాని నొకదానిని దెచ్చి, ఏది కావలయునో కోరుకొనుమని విర్కౌ చెప్పెనను కథ లోకమునఁ బ్రచారములో నున్నది. దానికి నాఁటి సాక్ష్యములు లేవు. తరువాతివారల కల్పనగాఁ దోఁచును. కాని కల్పనలకును గారణముండును. అధికారము కంటికిఁ గనఁబడని ప్రమాదమును నమ్మదని, దానిని బల్లమీఁదఁ బెట్టి చూపవలయునని జనులు గ్రహించిరి.

కొన్ని పట్టణములు తమంతట తామే పరీక్ష నారంభించెను. 1877లో ప్రుష్యా సర్కారు దానిని విధిగా నేర్పఱచెను. 1900లో జర్మనుసామ్రాజ్యమంతటికి మాంసపరీక్షాశాసనము వచ్చెను. కోసిన పందినుండి చిన్నచిన్న కండతునకలను దీసి, రెండు గాజుపలకలనడుమ నొక్కి, సూక్ష్మదర్శినిలో వరుసగాఁ జూచుట యీ పరీక్ష. వేలకొలఁది పరీక్షకులు కావలసివచ్చిరి. బెర్లినునగరపు గొప్ప పశువధశాలలో స్త్రీలును ఈ యుద్యోగమున నియమింపఁబడిరి. అమెరికాలోని చికాగో నగరమునను ఇట్లే జరిగెను. విశ్వవిద్యాలయములు స్త్రీలకుఁ దలుపులు పూర్తిగఁ దెఱువని కాలమున వారి కన్నులు సూక్ష్మదర్శినిమీఁద నిలిచి యూరివారి ప్రాణములను గాచినవి. ఈ విషయము మన సోదరీమణులు జ్ఞాపకముంచుకొనఁదగినది.

పరీక్ష అన్నది ఎప్పుడును శుద్ధశాస్త్రముగనే యుండదు. వర్తకమును, రాజకీయమును దానిలోఁ జేరును. 1879లో ఇటలీయు, 1881లో ఫ్రాన్సును అమెరికానుండి వచ్చు పందిమాంసమును నిషేధించెను. జర్మనీ 1880లోఁ గొంతవఱకును, 1883లోఁ బూర్తిగను నిషేధించెను. ఆ మాంసమునఁ బురుగులున్నమాట నిజమే. కాని చవుకైన అమెరికా మాంసము రాకుండినచో జర్మను భూస్వాముల పందులకు మంచిధర పలుకుననుటయు నిజమే. అమెరికావారు, ఉప్పులో నానినపురుగు చచ్చిపోవును గనుక తమ మాంసమువలన నెవరికిని హానిలేదని వాదించిరి. పదేండ్లు ఈ కలహము సాగెను. తుదకు 1890, 1891 సంవత్సరములలో అమెరికా శాసనములు చేసి, ఎగుమతిమాంసమును సూక్ష్మదర్శినితోఁ బరీక్షింపఁబూనఁగా నిషేధములు తొలఁగెను. వింత యేమనఁగా, పరదేశములకుఁ బంపుమాంసమునకు మాత్రమే యీ పరీక్ష. తన ప్రజలు తినుమాంసమునకు లేదు. 1906లో ఎగుమతిపరీక్షయు నిలిచిపోయెను.

ఇట్లు రెండు దేశములు రెండుమార్గములఁ ద్రొక్కెను. జర్మనీ ప్రతిపందిని బరీక్షించెను. అమెరికా, బాగుగ వండుకొనుఁడని గృహిణులకు బోధించి యూరకుండెను. ఫలమేమి? అర్ధశతాబ్దము గడచినను, 1940వ దశకపు చివర అమెరికాలో ఏఁటేఁట సుమారు నాలుగువందలమందికి ఈ వ్యాధి కలిగినట్లు లెక్కలలోని కెక్కుచుండెను. లెక్క కెక్కనివారు వేఱు. ఆపైఁ గ్రమముగాఁ దగ్గినదనఁగా, అందుకు ముఖ్యకారణము వంటయొక్కటియే యని చెప్పరాదు. పందులకు ఎంగిలికూడును, కబేళాలలోని మాంసశేషములను పచ్చిగఁ బెట్టరాదని శాసనములు వచ్చెను. పందులు శుభ్రమైన కొట్టములలో ధాన్యముతిని పెరుగసాగెను. రోగము వంటింటికి రాకమునుపే, పశువు మేఁతదగ్గఱనే తెగినది. ఇల్లాలి జాగ్రత్త తుదికాపు మాత్రమే. మొదటి కాపు పశువును బెంచువానిది, నడిమికాపు పరీక్షకునిది. ముందున్న యిద్దఱు నిద్రించి, తప్పంతయు కడపటి యామెపై మోపుట న్యాయము గాదు.

ఇంతవఱకు ఇంటిపందిమాట. ఇఁక వేఁటజంతువుల మాట. అడవిపందిమాంసము రుచికరమని ఐరోపాలోను, అమెరికాలోను దానిని కంచెలలోఁ బెంచి యమ్ముచున్నారు. కంచెవేసినంతమాత్రమున మృగము సాధువు గాదు. అది మన్ను త్రవ్వును; చచ్చిన యెలుకను, నక్కను దొరకినప్పుడు తినును. అడవిలోని నక్కలు, తోడేళ్లు, ఎలుఁగుబంట్లు ఈ పురుగునకు ప్రాఁతనివాసములు. కావున కొట్టపుపందికిఁ దగ్గిన యపాయము కంచెలోని యడవిపందికిఁ దగ్గలేదు. ఐరోపాసమాజమువారి నియమములు ఈ భేదమును గుర్తించినవి. మంచి కట్టుదిట్టములుగల కొట్టములలో పెరిగిన యింటిపందులకు విడివిడిపరీక్షనుండి కొంత మినహాయింపు నీయవచ్చును. అడవిపందికి, అది పెంచినదైనను వేఁటాడినదైనను, పరీక్ష తప్పదు. గుఱ్ఱపుమాంసమునకును ఇదే విధి. ఏలయనఁగా గడ్డిమేయు గుఱ్ఱమునకు ఈ పురుగు పట్టదని నమ్మియుండఁగా, 1975 నుండి ఫ్రాన్సు, ఇటలీలలో గుఱ్ఱపుమాంసమువలననే ఈ వ్యాధి పలుమాఱులు చెలరేఁగెను.

అంతకంటె నాశ్చర్యకరమైనది మొసళ్ల చరిత్రము. ఈ పురుగు వేఁడిరక్తముగల ప్రాణులలోనే బ్రతుకునని నూటయేఁబదియేండ్లు నమ్మిరి. 1995లో ఆఫ్రికాలోని జింబాబ్వేదేశమున తోలుకొఱకును మాంసముకొఱకును బెంచు మొసళ్ల కండలలో ఇట్టిపురుగు బయలుపడెను. 2002లో దానికి ఆ దేశము పేరనే ప్రత్యేకనామము పెట్టిరి. అది మొసలి మొసలికి వ్యాపించినమార్గము మనుష్యుఁడు వేసినదే: తోలు వలిచినపిమ్మట మిగిలిన మొసలిమాంసమునే మరల మొసళ్లకు మేఁతగాఁ బెట్టుచుండిరి. పాపువా న్యూగినీలో పెంచు మొసళ్లకు అడవిపందిమాంసము పెట్టుటచేత మఱియొక జాతిపురుగు సంక్రమించెను. ఈ రెండుజాతులును కండలో గుల్ల కట్టుకొనవు. గాజుపలకలనడుమ నొక్కిచూచు ప్రాఁతపరీక్షలో అవి సులభముగ దప్పించుకొనును. అందుచేత నేఁడు కండతునకలను పెప్సినుతోను, హైడ్రోక్లోరికామ్లముతోను గోరువెచ్చగ గలిపి జీర్ణింపఁజేసి, అడుగునకు దిగిన పురుగులను జూచుపద్ధతి ప్రమాణమైనది. జఠరములో జరుగు పనినే గాజుపాత్రలోఁ జేసి చూచుట యిది.

ఎలుఁగుబంటిమాంసమును దినుటచేతఁ గలుగు వ్యాధి ఉత్తరదేశములలో నేఁటికిని గనఁబడుచున్నది. ఇంటిపందిలోని పురుగు, మాంసమును −15 డిగ్రీల చలిలో ఇరువదిదినము లుంచిన చచ్చును. ధ్రువప్రాంతపు మృగములలోని జాతి అంతకుమించిన చలిని నెలలతరబడి సహించును. ఉప్పు, పొగ, ఎండ వీనిని నమ్మరాదు. లోపలిభాగముగూడ 71 డిగ్రీల వేఁడి కెక్కునట్లు వండుటయే నిశ్చయమైన సాధనము. 1897లో బెలూనుపై ఉత్తరధ్రువమునకుఁ బోఁబూనిన స్వీడనుదేశీయుఁడు ఆంద్రేయును, ఆయన సహచరు లిరువురును మంచుద్వీపమున మరణించిరి. వారి యవశేషములు 1930లో దొరకెను. వారు తిన్న ధ్రువపుటెలుఁగుబంటి మాంసములోని యీ పురుగే మరణకారణమని 1952లో ట్రైడే అను వైద్యుఁడు వ్రాసెను. ఆ నిర్ణయమును అందఱు నంగీకరింపలేదు. అయినను ప్రాణము నిలుపుకొనుటకుఁ దిన్న మాంసమే ప్రాణము దీయవచ్చునను భయము నిర్మూలమైనది గాదు.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినదేమి? పురాతనమతములు పందిమాంసమును నిషేధించుట ఈ పురుగువలననే యని కొందఱు చెప్పుదురు. సూక్ష్మదర్శినిలేని కాలమువారు, తిన్న కొన్నివారములకుఁ గలుగు జ్వరమునకును ఆ తిండికిని గల సంబంధము నెఱిఁగిరనుటకు నాధారము లేదు. నిషేధమునకు శాస్త్రమును వెనుకనుండి యతికించుట చరిత్రము గాదు.

మనదేశమునఁ బందిని బెంచువారిని, దాని మాంసము తినువారిని హీనులుగఁ జూచు దురాచారము చిరకాలమునుండి యున్నది. మాంసము శుచియగుట తినువాని కులమునుబట్టిగాని, అమ్మువాని పుట్టుకనుబట్టిగాని యుండదు. పశువు తిన్న మేఁతనుబట్టియు, కోసినచోటి పరీక్షనుబట్టియు, వండిన వేఁడినిబట్టియు ఉండును. పందికి మేఁత యేదో దానిని బెంచు పేదవాఁడొక్కఁడే నిర్ణయింపలేదు. ఊరు దానిముందు ఏమి పాఱవేయునో అదియే దాని మేఁత. మనదేశమున ట్రికినెల్లాకంటె నెక్కువ బాధించునది పందిబద్దెపురుగు. దాని గ్రుడ్లు మనుష్యుని మలమునుండి నీటికిని, కాయగూరలకును జేరి, వానిని దిన్నవారి మెదడులో తిత్తులుగ నేర్పడి మూర్ఛలు గలిగించును. జన్మమెత్తి మాంసము ముట్టని యింటిబిడ్డకును ఈ మూర్ఛ రావచ్చును. మాకేమి, మేము తినముగదా యని తలుపు మూసికొనువారి యింటికి వ్యాధి పెరటిదారినుండి వచ్చును. మరుగుదొడ్డి లేని వాడలు ఉన్నంతకాలము ఏ యింటి మడియు ఆ యింటిని గాపాడఁజాలదు.

కడపటిమాట యొకటి. మాంసపరీక్షకు దాని విజయమే శత్రువు. ఏండ్లతరబడి పురుగు కనఁబడకున్నచో, ఈ పరీక్షకులేల, ఈ వ్యయమేల యని లెక్కలు చూచువారందురు. 1990వ దశకమున తూర్పుఐరోపాలోఁ బ్రాఁతప్రభుత్వములు పడిపోయి పశువైద్యశాఖలు శిథిలముగాఁగా, రుమేనియా మొదలగు దేశములలో ఈ వ్యాధి మరల పెచ్చుపెరిగెను. పురుగు ఎచ్చటికిని బోలేదు, కాపలావాఁడు పోయెను. 2006లో మనదేశమునను ఆహారభద్రతాశాసనము వచ్చియున్నది. శాసనము పుస్తకములోనే యుండునో, కోఁతబల్లదాఁక వచ్చునో చూడవలసినవారము మనమే. మాంసము తినువారును, తిననివారును గూడి తమ మునిసిపాలిటీని, పంచాయతీని అడుగవలసిన ప్రశ్నలు మూఁడు: మన యూరి పశువులు ఎచ్చటఁ గోయఁబడుచున్నవి? వానిని బరీక్షించువారెవరు? మన యూరి మలినము ఎచ్చటికిఁ బోవుచున్నది?